యాభై ఐదు మాటలు, నా దొంగలెక్క

మా టీములో తెలుగువాళ్ళం ఆరుగురం ఉన్నాం. మొన్నామధ్య ఓ శుక్రవారం మధ్యాహ్నం, బిల్డు నడుస్తుంటే ఏం తోచక ఒకాయన మెయిల్ కొట్టాడు: "సోమవారం లోపు అందరూ ఒక్కో కథ రాసి పంపండి. సరిగ్గా 55 మాటలు. ఒక్కటి ఎక్కువైనా చెల్లదు." నేను కథలు రాసి ఎరగను. కానీ రిలీజు నోట్సు రాసీ రాసీ క్లుప్తత మీద నాకో ధీమా ఉంది. 55 మాటలేగా, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది అనుకున్నా. శని, ఆదివారాలు రెండూ దానికే బలి.

అసలీ 55 లెక్క ఎక్కడిదా అని చూస్తే, 1987లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో న్యూ టైమ్స్ అనే వారపత్రికలో స్టీవ్ మాస్ మొదలెట్టిన పోటీ అది. 1980లలోనే బ్రిటన్ సైన్స్ ఫిక్షన్ అభిమానులు సరిగ్గా 100 మాటల్లో రాసి, దానికి డ్రాబుల్ అని పేరు పెట్టుకున్నారు. ఇహ పసిపిల్లల బూట్లు అమ్మకానికి పెట్టిన ఆరు మాటల కథ ఫార్వర్డుల్లో అందరికీ వచ్చే ఉంటుంది. అది హెమింగ్వే రాశాడనడానికి ఆధారం లేదు. పసిబిడ్డ బట్టలు, మంచం గురించి అలాంటి ప్రకటన ముచ్చట 1910లోనే ఒక అమెరికన్ పత్రికలో వచ్చింది. అప్పటికి హెమింగ్వేకి పదకొండేళ్ళు నిండలేదు. మన పత్రికల్లోనూ పోస్టుకార్డు మీద పట్టే కార్డు కథలు వచ్చేవి. కాబట్టి ఇదేం కొత్త సరదా కాదు.

శనివారం నేను చేసింది కథ రాయడం కాదు, రూలుని హ్యాక్ చెయ్యడం. "వెళ్ళిపోవాల్సొచ్చిందన్నాడు" అనేది మనకి ఒక్క మాట. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే ఆరు మాటలు కావాలి. మాటలు లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండుకి ఖాళీలే తెలుసు, సంధులు తెలీవు. ఇంకేం, 90 మాటల్ని అతికించి అతికించి 55 చేశా. పక్క క్యూబికల్ మిత్రుడు చదివి, "ఇదేం కథ గురూ, మినిఫై చేసిన జావాస్క్రిప్టులా ఉంది" అన్నాడు.

పోనీ అక్షరాలు లెక్కపెడదామా అంటే అదో గొడవ. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం. యూనికోడుకి ఆరు కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఒక ఎస్సెమ్మెస్సులో ఇంగ్లీషుకి 160 పడితే తెలుగుకి 70 మాత్రమే. ఏ కొలత తెచ్చినా ఎవరికో కుట్టిన చొక్కా మనం తొడుక్కున్నట్టే. అందుకని చివరికి, మామూలుగా విడిగా రాసే మాటల్ని విడిగానే రాయాలి అని తేల్చుకున్నాం. కంపైలరు పట్టుకోదు, మనమే పట్టుకోవాలి.

ఆదివారం పొద్దునకి మిగతా అయిదు కథలూ వచ్చేశాయి. మూడింట్లో చివరి వాక్యంలో హీరో దెయ్యమని తేలింది. ఒకదాంట్లో అంతా కల. నాకు కొసమెరుపు మీద కోపమేం లేదు గానీ, చిన్న కథంటే కొసమెరుపే అనుకోవడం మీద ఉంది. మెరుపు చూసి ఒకసారి "అబ్బో" అంటాం, రెండోసారి చదవం. జోకు కూడా అంతే కదా!

ఇక నా కథ. నాన్న పద్దుల పుస్తకం మీద రాద్దామనుకున్నా. మొదటి ప్రతి 212 మాటలు తేలింది. అందులో పెరట్లో వేపచెట్టు, పుస్తకం అట్ట మీద దుమ్ము, నా కన్నీళ్ళు అన్నీ ఉన్నాయి. కొయ్యడం మొదలెట్టాను. మొట్టమొదట నేను కొట్టేసింది ఏమిటో తెలుసా? "చెయ్యలేదు" అన్న మాట. రెండు చోట్ల వస్తుంది, అంతే. చోటు కోసం కొట్టేశానని నాకు నేనే చెప్పుకున్నా. వేపచెట్టుకి పదిహేను మాటలు ఉంచుకుని, ఈ రెండు మాటలకి చోటు లేకపోవడమేమిటి? అది ఉంటే నేను మంచివాణ్ణి కాకుండా పోతాను, అదీ సంగతి. నాన్న జీవితంలో ఒక్క రూపాయి దొంగలెక్క రాయలేదు. ఆయన పద్దుల మీద కథ రాస్తూ నేను రాస్తున్నాను.

వేపచెట్టు పోయింది. కన్నీళ్ళు పోయాయి. మిగిలింది ఇది:

నాన్న పోయాక ఆయన పద్దుల పుస్తకం తెరిచాను. పాలు 24. కూరలు 30. కరెంటు బిల్లు 410. ప్రతి ఆదివారం డబ్బు లేని పద్దు ఇంకోటి: "అబ్బాయి ఫోన్ చేశాడు." కొన్ని వారాలు "చెయ్యలేదు." మార్చి నెలంతా "చెయ్యలేదు." ఆ నెల మాకు రిలీజు. ఏప్రిల్ మొదటి ఆదివారం అక్షరాలు వంకరగా ఉన్నాయి: "నేనే చేశాను. మీటింగులో ఉన్నాడు." తర్వాత పది రోజులు పుస్తకంలో ఏమీ లేదు. ఆ కింద అంతా అమ్మ చేతిరాత: "పాలు 12."

నెలలు, అంకెలు కల్పించినవే. "చెయ్యలేదు" మాత్రం ఆయన రాసిందే.

ఇన్ని మాటల్లోనే రాయాలన్న రూలు వల్ల క్లుప్తత వస్తుందంటారు. నాకైతే అది చిన్న లాభమే అనిపిస్తుంది. పెద్ద కథలో అయితే క్లయింటు కాలు, డెడ్‌లైను, టైమ్ జోను అంటూ నా తప్పు చుట్టూ నాలుగు పేజీల సంజాయిషీ పేర్చేవాణ్ణి. చదివేవాళ్ళు జాలి కూడా పడేవాళ్ళు. 55 మాటల్లో సంజాయిషీకి చోటు లేదు. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చుకోక తప్పదు. మీరూ ఎప్పుడైనా రాస్తే, ఏం ఉంచారన్నది కాదు, మొదట ఏం కొట్టేశారో ఒకసారి చూసుకోండి. చాలాసార్లు కథ అక్కడే ఉంటుంది.

పందెం ఎవరు గెలిచారంటారా? దెయ్యం కథే :) నాకేం బాధ లేదు. మెయిల్ పంపేసి అమ్మకి ఫోన్ చేశాను. ఆ రోజు ఆదివారమే కదా.

తా.క.: కావాలంటే లెక్కపెట్టుకోండి, సరిగ్గా 55. ఈసారి అతుకుల్లేవు.