ఇంటా బయటా: మోయాబు అనే ఎడారి ఊరిలో రెండు రోజులు



అమెరికాలో మోయాబు అనే ఊరు ఒకటి ఉన్నదని మా అబ్బాయి చెప్పినప్పుడు నేను నవ్వాను. "రూతు పుట్టిన మోయాబేనా?" అని అడిగాను. "ఆ పేరే అమ్మా. చిన్న ఎడారి ఊరు. అందరం కలిసి రెండు రోజులు వెళ్ళొద్దాం" అన్నాడు.

అందరం కలిసి అన్న మాట దగ్గర వాడి గొంతు కొంచెం తగ్గింది. కారణం నాకు తెలుసు. మూడేళ్ళ క్రితం మా వారికి గుండె ఆపరేషను జరిగినప్పుడు వీసా కాగితాల చిక్కువల్ల అబ్బాయి రాలేకపోయాడు. ఆ బాధలో ఆయన ఫోనులో కొడుకును ఒక మాట అన్నారు. ఆ మాట ఇక్కడ వ్రాయను. తరువాత ఇద్దరూ మాట్లాడుకోలేదని కాదు. "తిన్నారా?", "మందు వేసుకున్నారా?", "ఆఫీసు ఎలా ఉంది?" ఇంతే. మేము సాల్ట్ లేక్ సిటీలో వాళ్ళింటికి చేరి రెండు నెలలైనా ఆ మూడు ప్రశ్నలు దాటి నాలుగవది రాలేదు.

సెప్టెంబరు చివరి వారంలో బయలుదేరాము. ఆగ్నేయ దిక్కుగా సుమారు 230 మైళ్ళు, నాలుగు గంటల ప్రయాణం. చివరి గంటలో పచ్చని చెట్టన్నది కనబడటమే అరుదు. ఎటు చూసినా ఎర్రని కొండలు, ఎండిపోయిన వాగులు. ఊరి ముందు కొలరాడో నది దాటగానే దాని ఒడ్డున పచ్చదనం కనబడి కంటికి హాయి కలిగింది. తూర్పున 12,000 అడుగులు దాటిన లా సాల్ పర్వత శిఖరాలు ఉన్నాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊరిలో ఉన్నది 5,366 మంది. మన మండల కేంద్రాలు చాలావరకు దీనికంటే పెద్దవే. అయినా పెద్ద వీధి పొడవునా హోటళ్ళు, సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణాలు, రబ్బరు పడవలమీద నదిలో తిప్పేవారి ఆఫీసులు! ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ అనే రెండు నేషనల్ పార్కులు చేరువలో ఉండటమే ఇందుకు కారణం.

ఆ ప్రాంతంలో పూర్వం నుండి తిరిగినవారు యూట్ జాతి ప్రజలు. 1855లో మార్మన్లు కొందరు వచ్చి కోట కట్టుకున్నారు గాని, యూట్లతో ఘర్షణ జరిగి అదే సంవత్సరం వెళ్ళిపోయారు. 1870ల చివరలో వచ్చినవారు నిలిచారు. యొర్దానుకు ఆవలనున్న దేశం పేరు ఊరికి పెట్టుకున్నారని ఎక్కువమంది అంటారు. అయితే బైబిలులో మోయాబుకు మంచి పేరు లేదు గనుక మార్చవలెనని 1890లో కొందరు సంతకాలు పెట్టి అర్జీ పంపారట. అది నెగ్గలేదు. అత్తను విడువని కోడలు ఏ దేశపు పిల్లో వారికి గుర్తు రాలేదు కాబోలు!

1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ చుట్టుపక్కల గొప్ప యురేనియం నిక్షేపం కనుగొన్నాడు. జనం ఎగబడి వచ్చారు. నది ఒడ్డున పెద్ద మిల్లు లేచింది. 1984లో అది మూతబడేసరికి అక్కడ మిగిలింది సుమారు ఒక కోటి అరవై లక్షల టన్నుల కలుషితమైన మట్టి. దానిని నదికి దూరంగా, 30 మైళ్ళ ఉత్తరానికి రైలు పెట్టెల్లో తరలించటం 2009లో మొదలుపెట్టారు. ముప్ఫై ఏళ్ళలోపు పోగుపడినదాన్ని తీయటానికి ఎన్ని సంవత్సరాలు పట్టిందో చూడండి.

మొదటి రోజు సాయంత్రం డెడ్ హార్స్ పాయింట్ అనే చోటికి వెళ్ళాము. 'చచ్చిన గుర్రాల కొన' అని చెప్పుకోవచ్చు. మూడు వైపులా లోయ. రెండు వేల అడుగుల క్రింద కొలరాడో నది మెలిక తిరిగి మెరుస్తూ ఉంటుంది. కొన మీదికి పోవటానికి ముప్ఫై గజాల వెడల్పుగల ఒకే దారి. పూర్వం పశువుల కాపరులు అడవి గుర్రాలను ఈ కొనమీదికి తోలి, ఆ దారికి కంప అడ్డంపెట్టి, కావలసినవి పట్టుకుని మిగిలినవాటిని వదిలి పోయారట. నది కళ్ళెదుటే ఉండగా అవి దప్పికతో చచ్చిపోయాయని చెప్పుకుంటారు. అబ్బాయి ఆ కథ తన కూతురికి చెబుతున్నాడు. మా వారు కొంచెం ఎడంగా, గోడ దగ్గర నిలబడి విన్నారు. "కంప తీస్తే సరిపోయేది" అన్నారు, ఎవరితోనో తెలియకుండా. ఎవరూ జవాబు చెప్పలేదు.

మరునాడు తెల్లవారకముందే లేచి ఆర్చెస్‌కు వెళ్ళాము. ఆర్చ్ అంటే తోరణం. తిరుమల కొండమీది శిలాతోరణం మన రాష్ట్రంలో చాలామంది చూసినదే. దాని వెడల్పు 8 మీటర్లు. ఇక్కడ చిన్నవీ పెద్దవీ కలిపి రెండు వేలకు పైగా సహజమైన రాతి తోరణాలు ఉన్నాయి. వాటిలో లాండ్‌స్కేప్ ఆర్చ్ అనేది 90 మీటర్లకు పైగా సాగి, నడుమ సన్నని రిబ్బనులా ఉంటుంది. శాస్త్రజ్ఞులు చెప్పేదేమనగా, ఎన్నో కోట్ల ఏళ్ళ క్రితం ఎండిపోయిన సముద్రపు ఉప్పు నేలక్రింద మందపు పొరగా ఉన్నది. పైనున్న ఇసుకరాతి బరువుకు ఆ ఉప్పు జరిగి, రాయి నిలువునా బీటలు వారింది. ఆ బీటలలో వాననీరు దిగి, చలికి గడ్డకట్టి, రాతిని కొంచెం కొంచెంగా పెకలించింది. కట్టినదీ నీరే, కూల్చేదీ నీరే. 1991లో లాండ్‌స్కేప్ ఆర్చ్ నుండి పెద్ద రాతిపలక ఊడిపడగా దాని క్రిందికి పోయే బాటను మూసివేశారు. 2008 ఆగస్టులో వాల్ ఆర్చ్ అనే మరొక తోరణం రాత్రికి రాత్రి కూలిపోయింది.

అక్కడి రాళ్ళ పేర్లు చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఒకటి బాబెలు గోపురము, ఒక చోటు ఏదెను తోట, మరొకటి అగ్నిగుండము! ఆ అగ్నిగుండము రాళ్ళ మధ్య దారి తప్పే సందులమయం గనుక, రేంజరు వెంట గాని ముందుగా అనుమతి తీసుకుని గాని పోవలెను.

మా గమ్యం డెలికేట్ ఆర్చ్. కొండ అంచున ఒంటరిగా నిలిచిన తోరణం. రానుపోను 3 మైళ్ళు, 480 అడుగుల ఎక్కుడు, దారిలో నీడ దాదాపు లేదు. బాట మొదట్లో ఒక పాత చెక్క ఇల్లు ఉన్నది. అంతర్యుద్ధంలో కాలికి గాయమైన జాన్ వెస్లీ వుల్ఫ్ అనే ఆయన, పొడి గాలి మంచిదని, 1898లో ఒహాయో నుండి పెద్ద కొడుకును వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. భార్యను, మిగతా పిల్లలను అక్కడే వదిలి వచ్చాడు. తండ్రీ కొడుకులిద్దరే ఆ ఎడారిలో ఎనిమిదేళ్ళు కాపురం చేశారు. 1906లో కూతురు కుటుంబంతో వచ్చి, ఆ గుడిసె చూసి బెదిరిపోయి, చెక్కల నేలతో క్రొత్త ఇల్లు కట్టించింది. ఇప్పుడు కనబడేది అదే. "ఎనిమిదేళ్ళు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో" అన్నది మా కోడలు. నేను మా వారివైపు చూడలేదు.

అరమైలు నడిచాక మా వారు ఫోటో కోసం బాట దిగి నాలుగడుగులు ప్రక్కకు వేశారు. వెంటనే మా మనవరాలు, ఎనిమిదేళ్ళ పిల్ల, కేక పెట్టింది. "తాతయ్యా, ఆగు! అక్కడ తొక్కకు! అది బ్రతికి ఉంది!"

అక్కడ నేలమీద నల్లని పొర, చిన్న చిన్న బుడిపెలతో, మాడిన అట్టులా ఉంటుంది. ఆ ఉదయమే పార్కు ఆఫీసులో పిల్లలకిచ్చే పుస్తకంలో అది చదువుకున్నది. కంటికి కనబడని సూక్ష్మజీవులు, నాచు కలిసి ఇసుక రేణువులను దారంతో కుట్టినట్లు పట్టి ఉంచుతాయి. ఆ పొర ఉన్నందుననే ఇసుక గాలికి ఎగిరిపోదు, కురిసిన కొద్ది వాన నిలుస్తుంది, మొక్కలకు నత్రజని అందుతుంది. అక్కడ ఏడాదికి పది అంగుళాల వాన కూడా పడటం కష్టం. అందుచేత తడినేలలో త్వరగా మానే గాయం అక్కడ త్వరగా మానదు.

"ఒక్క అడుగుకేనా? మళ్ళీ బాగుపడటానికి ఎన్నాళ్ళు?" అని అడిగారు ఆయన.

పిల్ల తండ్రివైపు చూసింది. అబ్బాయి చెప్పాడు. "కొన్నిచోట్ల కొన్నేళ్ళు నాన్నా. కొన్నిచోట్ల చాలా ఏళ్ళు. కాని బాగుపడుతుంది. మళ్ళీ తొక్కకుండా ఉంటే."

ఆయన కదలకుండా కాసేపు నిలబడ్డారు. తరువాత వెనక్కి తిరిగి, తాను వేసిన అడుగులలోనే అడుగులు వేస్తూ బాట మీదికి వచ్చారు. చివరి అడుగు దగ్గర అబ్బాయి చెయ్యి అందించాడు. ఆయన పట్టుకున్నారు.

సగం దారిలో ఏటవాలు బండ మొదలైంది. ఎండ ఎక్కింది. ఆయన ఆయాసపడటం చూసి నాకు గుండె ఝల్లుమన్నది. తెచ్చిన నీళ్ళలో ఆయన వాటా సగం అయిపోయింది. "నేను దిగిపోతాను, మీరు వెళ్ళండి" అన్నారు. అబ్బాయి ఆ తోరణం చూడాలని ఎన్నాళ్ళనుండో అనుకుంటున్నాడు. వాడు సంచి భుజాన వేసుకుని, "అమ్మా, మీరు ముగ్గురూ వెళ్ళి రండి. నేను నాన్నతో దిగుతాను" అన్నాడు. ఆయన వద్దనలేదు.

మేము పైకి వెళ్ళి చూశాము. 46 అడుగుల ఎత్తున తెరచుకున్న ఎర్రని తోరణం, దానిలోనుండి దూరపు కొండలు. గొప్ప దృశ్యమే. కాని నా మనస్సంతా క్రిందనే ఉన్నది.

దిగి వచ్చేసరికి ఇద్దరూ ఆ పాత చెక్క ఇంటి ప్రక్క కూర్చుని ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మా వారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అబ్బాయి ఆయన బూటు లేసు కడుతున్నాడు. తరువాత కారులో ఒక మైలు ముందుకు పోయాము. ఎక్కవలసిన పని లేకుండా, కారు దిగి కొద్ది అడుగులు నడిస్తే చాలు, డెలికేట్ ఆర్చ్‌ను దూరంనుండి చూసే చోటు అక్కడ ఉన్నది. చక్రాల కుర్చీలో వచ్చినవారు కూడా చూడవచ్చు. "మోషే కూడా మోయాబు కొండమీదనుండి దూరంగానే చూశాడు" అన్నారు మా వారు నవ్వుతూ. "ఆయన ప్రక్కన కొడుకులు లేరు. నాకు ఉన్నాడు."

పిల్లల దగ్గరకు వెళ్ళే పెద్దలకు ఒకటి రెండు మాటలు. ఈ ఊరికి వెళ్ళాలంటే వసంతం గాని శరదృతువు గాని మంచిది. వేసవిలో వేడి తరచు 38 డిగ్రీలు దాటుతుంది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీరు దగ్గర ఉంచుకోండి. సగం నీరు అయిపోతే, ఎక్కడ ఉన్నా వెనక్కి తిరగండి. అది ఓటమి కాదు. పార్కు ప్రవేశ నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక ముందుగా కనుక్కోండి. రాత్రి ఒక్కసారైనా ఊరి దీపాలకు దూరంగా వెళ్ళి ఆకాశం చూడండి. మన పల్లెల్లో చిన్నప్పుడు చూసిన నక్షత్రాలన్నీ అక్కడ ఉన్నాయి.

మరి బాట విడిచి అడుగు వేయకండి. పొరపాటున వేస్తే, కంగారుపడి ఇంకో నాలుగు అడుగులు తొక్కకండి. వేసిన అడుగులలోనే నెమ్మదిగా వెనక్కి రండి. ఇంట్లో కూడా అంతే. పొడినేల గాయం మానటానికి ఏళ్ళు పడుతుంది, నిజమే. కాని మానుతుంది, మళ్ళీ తొక్కకుండా ఉంటే. ఈ మాట నాది కాదు, మా అబ్బాయిది.