తెల్లటోపీ న్యాయం

హాలీవుడ్‌లో 1930ల నుంచి 1950ల మొదటి సంవత్సరాల దాకా వందల సంఖ్యలో తయారైన చౌకరకం కౌబాయ్ చిత్రాలను గురించి మన మిత్రులలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మొదటిది: అవి పిల్లల వినోదం, వాటిని విమర్శించబూనడం పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం వెయ్యడం. రెండవది: అవి నిజానికి ప్రజల పక్షాన నిలిచిన చిత్రాలు, వాటిలో దుర్మార్గుడు తరచు బాంకరో, భూముల దళారీయో, నీటి కంపెనీ యజమానో గనక అభ్యుదయవాదులు వాటిని కాదనడం అన్యాయం. మొదటి అభిప్రాయానికి సమాధానం తరవాత చెబుతాను. రెండవది మాత్రం ప్రమాదకరమైనది. అది మన భాషలోనే మాట్లాడుతున్నది గనక మరింత ప్రమాదకరమైనది. ఈ వ్యాసం ముఖ్యంగా దానిమీదనే.

ముందుగా ఈ చిత్రాలేమిటో చెప్పుకోవాలి. 1929లో మొదలైన ఆర్థిక సంక్షోభం దెబ్బకు ప్రేక్షకులు తగ్గిపోయి, అమెరికన్ సినిమాహాళ్ళు ఒకే టిక్కెట్టుకు రెండు చిత్రాలు చూపించసాగాయి. పెద్ద చిత్రానికి తోడుగా వేసే గంటసేపటి చిన్న చిత్రమే ‘బి’ చిత్రం. వీటిని విస్తారంగా తీసిన చిన్న కంపెనీలు హాలీవుడ్ గోవర్ వీధి ప్రాంతంలో ఉండేవి. వాటిని ‘పావర్టీ రో’, అంటే దరిద్రుల వరస, అని ఎగతాళి చేసేవారు. ఒక్కొక్క చిత్రాన్ని వారం, పది రోజుల్లో ముగించేవారు. లాస్ ఏంజెలెస్ సమీపంలోని ఐవర్సన్ రాంచ్‌లో ఉన్న అవే బండరాళ్ళ చుట్టూ ఎందరో నాయకులు ఎందరో బందిపోట్లను తరిమారు. వార్నర్ సంస్థ 1932–33లో జాన్ వేన్‌తో తీసిన చిత్రాలలో, కెన్ మేనార్డ్ నటించిన పాత మూకీ చిత్రాల గుర్రపుస్వారీ దృశ్యాలను కత్తిరించి అతికించారు. అతుకు కనబడకుండా వేన్‌కు మేనార్డ్ దుస్తుల వంటివే తొడిగించారు.

ఈ చౌకదనాన్ని చూసి ముక్కు విరిచే విమర్శకులతో నాకు పొత్తు లేదు. ముగ్గురు మనుషులు, ఒక తంబూరా, రెండు డక్కీలతో ఊళ్ళకు ఊళ్ళను కదిలించిన బుర్రకథ మనకుండగా ఖర్చునుబట్టి కళకు వెల కట్టడం మనం చెయ్యగూడని పని. ఆ చిత్రాలలో స్వారీ చేసినవాళ్ళూ, గుర్రాలమీంచి దూకినవాళ్ళూ గొప్ప నేర్పరులు. యాకిమా కనట్ వంటి స్టంట్ మనిషి చేసిన సాహసాలు ఇవాళ చూసినా గుండె ఆగినట్టే ఉంటుంది. నా అభ్యంతరం ఖర్చు గురించీ కాదు, నేర్పు గురించీ కాదు. ఆ చిత్రాలు చెప్పే న్యాయం గురించి.

మిత్రుల వాదాన్ని దాని బలమైన రూపంలోనే తీసుకుందాం. ఈ చిత్రాలను ఎక్కువగా చూసినవాళ్ళు చిన్న ఊళ్ళవాళ్ళు, రైతులు, పిల్లలు. సంక్షోభంలో పొలాలు తాకట్టుపడి పోగొట్టుకున్న కుటుంబాలు అందులో అనేకం. వాళ్ళకు బాంకరును కొట్టే వీరుడు కావలసివచ్చాడు. రిపబ్లిక్ కంపెనీ వాణ్ణి అందించింది. 1938లో వచ్చిన ‘అండర్ వెస్టర్న్ స్టార్స్’ సంగతి చూడండి. దుమ్ము తుఫానులతో నాశనమైన ప్రాంతానికి నీళ్ళకోసం రాయ్ రోజర్స్ శాసనసభకు ఎన్నికై నీటి కంపెనీతో పోరాడతాడు. ఇక జీన్ ఆట్రీ పేరుతో ప్రచారమైన కౌబాయ్ నియమావళిలో బలహీనులకు సాయం చెయ్యాలనీ, జాతిద్వేషమూ మతద్వేషమూ మనసులో ఉంచుకోరాదనీ ఉన్నది. ఇంతకన్న ఏం కావాలి అంటారు మిత్రులు.

నేను అడిగేది ఒకే ప్రశ్న. దుర్మార్గుడు పోయిన తరవాత ఏం మిగిలింది?

ఈ చిత్రాలలో తరచు కనిపించే కథ ఇది. ఊళ్ళో పశువులు మాయమవుతుంటాయి, బండ్లు దోపిడీకి గురవుతుంటాయి, రైతులు తక్కువ ధరకు భూములు అమ్ముకొని పోతుంటారు. బందిపోటు ముఠా వెనక ఎవరో ఉన్నారు. చివరకు వాడు అందరూ గౌరవించే పెద్దమనిషే అని తేలుతుంది. ఆ దారిన రైలు రాబోతున్నదనో, నేలకింద వెండి ఉన్నదనో వాడికి ముందే తెలుసు. నాయకుడు వాణ్ణి తరిమి, గుర్రంమీంచి పడదోసి, గుద్ది, షెరీఫ్‌కు అప్పగిస్తాడు. ఒక పాట. సమాప్తం.

ఇందులో బాంకరు జైలుకు పోయాడు. తాకట్టు పత్రం మాత్రం పెట్టెలోనే ఉన్నది. రేపు అదే కుర్చీలో మంచి బాంకరు కూర్చుంటాడు, అదే వడ్డీ వసూలు చేస్తాడు, కాకపోతే మర్యాదగా వసూలు చేస్తాడు. రైతు పొలం పోవడానికి కారణం అప్పూ, ధరలూ, పెద్ద ఆస్తుల పోటీ కాదట. ఒక దుష్టుడి కుట్రట! ప్రేక్షకుడి కోపం నిజమైనదే. ఆ కోపాన్ని ఈ చిత్రాలు గుర్తించాయి, గుర్తించి ఒక మనిషి దవడమీదికి మళ్ళించాయి. దాన్ని ప్రజాపక్షం అనడం, జ్వరానికి తడిగుడ్డ వేసినవాణ్ణి వైద్యుడనడం వంటిది.

కౌబాయ్ ఎవరు? ఈ ప్రశ్నకు ఈ చిత్రాలు చెప్పే జవాబు అసలైన మోసం. చరిత్రలో కౌబాయ్ నెలజీతానికి పశువులు తోలే కూలి. 1860ల చివరి నుంచి 1880ల దాకా టెక్సస్ నుంచి కాన్సస్ రైలు స్టేషన్లకు మందలను తోలి, దుమ్ము మింగి, వానలో తడిసి, పని అయిపోగానే వీధిన పడిన శ్రామికుడు. వాళ్ళలో దాదాపు నాలుగోవంతు నల్లవాళ్ళని చరిత్రకారుల అంచనా. పశువుల పని మెక్సికన్ ‘వకేరో’ల దగ్గర నేర్చుకున్నది; తాడుకు వాడే ‘లారియట్’, పోటీలకు వాడే ‘రోడియో’ అన్న మాటలు కూడా స్పానిష్ నుంచి వచ్చినవే. మరి తెరమీద? నల్లవాడు కథానాయకుడు కావడానికి హెర్బ్ జెఫ్రీస్‌తో ‘హార్లెమ్ ఆన్ ది ప్రెయిరీ’ (1937) వంటి వేరే చిత్రాలు తియ్యవలసివచ్చింది. వాటిని ప్రధానంగా నల్లవాళ్ళకు విడిగా ఉన్న హాళ్ళ కోసమే తీశారు. జాతిద్వేషం కూడదన్న నియమావళి ఆ హాళ్ళ గుమ్మం దాటలేదు.

1883లో టెక్సస్ ఉత్తరభాగాన, టాస్కోసా ప్రాంతంలో, కౌబాయ్‌లు సమ్మె చేశారు. నెలకు 50 డాలర్లు కావాలన్నారు. యజమానులు కొత్తవాళ్ళను పనిలో పెట్టుకున్నారు, సమ్మె వీగిపోయింది. కౌబాయ్ జీవితంలో ఇంతకన్న నాటకీయమైన ఘట్టం ఏమున్నది? కాని తెరమీది కౌబాయ్‌కి జీతం ఎవరిస్తారో మనకు పట్టదు. అతను పశువును తోలడం అరుదు, పాడడం ఎక్కువ. అతని చేతిలోంచి పనిముట్టు తీసేసి పిస్తోలు పెట్టారు. కూలివాణ్ణి ఆస్తికి కాపలాదారుగా మార్చి, ఇతడే నీ వీరుడు అని కూలివాడి పిల్లలకే టిక్కెట్టు పెట్టి చూపించారు.

బందిపోటు ఎవరన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. వయోమింగ్‌లోని జాన్సన్ కౌంటీలో 1892 ఏప్రిల్‌లో జరిగినది చూడండి. పెద్ద పశువుల యజమానులు, చిన్నచిన్న మందలు పెట్టుకొని బతికేవాళ్ళమీద ‘రస్లర్లు’, అంటే పశువుల దొంగలు, అని ముద్రవేశారు. చంపవలసినవాళ్ళ జాబితా తయారుచేశారు. టెక్సస్ నుంచి కిరాయి తుపాకీగాళ్ళను రప్పించి, సుమారు 50 మంది దండుగా ప్రత్యేక రైలులో బయలుదేరారు. ఏప్రిల్ 9న నేట్ చాంపియన్ అనే చిన్న పశుపోషకుడి గుడిసెను ముట్టడించి, నిప్పుపెట్టి, బయటికి పరుగెత్తినవాణ్ణి కాల్చిచంపారు. ఈ వార్త విని జనం లేచారు. షెరీఫ్‌తో సహా రెండువందలకు పైగా మనుషులు ఆ దండును ఒక రాంచ్‌లో చుట్టుముట్టారు. అప్పుడు, అచ్చంగా సినిమాలో లాగా, చివరి క్షణంలో ప్రభుత్వ అశ్వికదళం వచ్చింది. ఎవరిని రక్షించడానికి? హంతకులను! అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఆజ్ఞమీద వచ్చిన ఆ సైనికులు దండును భద్రంగా తీసుకుపోయారు. ఒక్కడికీ శిక్ష పడలేదు.

ఇదీ పడమటి న్యాయం. అక్కడ ‘బందిపోటు’ అన్నది నేరానికి పెట్టిన పేరు కాదు. బలవంతుడు బలహీనుడికి పెట్టిన పేరు. మన చౌక చిత్రాలలో ఆ పేరు పెట్టే హక్కు ఎవరిదని ఎవరూ అడగరు. ముఖం చూడగానే తెలిసిపోతుంది: గడ్డం గీసుకోనివాడు, నల్లటోపీవాడు బందిపోటు. హాపలాంగ్ కాసిడీ వంటి నాయకుడు నల్లదుస్తులు వేసుకున్నా తెల్లగుర్రం ఎక్కాడు గనక అనుమానం లేదు. ఇక, తెల్లవాడికీ తెల్లవాడికీ మధ్య ఈ భూమి తగాదా జరుగుతుంటే, ఆ భూమిని తుపాకులతో ఖాళీ చేయించిన చరిత్ర ఏమైనట్టు? వూండెడ్ నీ దగ్గర లకోటా ప్రజలను, ఆడవాళ్ళూ పిల్లలూ అనకుండా, సైన్యం ఊచకోత కోసినది 1890 డిసెంబరు 29న. జాన్సన్ కౌంటీ ఘటనకు సుమారు పదిహేను నెలల ముందు. తెరమీద ఆ భూమి ఎప్పుడూ ఖాళీగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

తెరముందు సంగతి ఇది. తెరవెనక ఇంకా తమాషాగా ఉన్నది. రిపబ్లిక్ కంపెనీ ఎట్లా పుట్టింది? హెర్బర్ట్ యేట్స్‌కు ఫిల్ము లాబొరేటరీ ఉండేది. చిన్న కంపెనీలు దానికి బాకీపడ్డాయి. 1935లో అతను వాటిని ఆ ఒత్తిడితోనే కలిపి రిపబ్లిక్‌గా మార్చాడు. బాకీదారుల పొలాలు కాజేసే దుర్మార్గుడి కథలను ఏటేటా అమ్మినది బాకీదారుల కంపెనీలను కలుపుకున్న షావుకారు! 1938లో జీన్ ఆట్రీ ఎక్కువ డబ్బు అడిగి పనికి రావడం మానేశాడు. తన చిత్రాలు కావాలన్న హాళ్ళవాళ్ళకు కంపెనీ తన మిగతా చిత్రాలు కూడా అంటగడుతున్నదన్న ఫిర్యాదు కూడా అతనికి ఉండేది. ఆట్రీ పేదవాడు కాడు. అయినా పని ఆపినవాడే. కంపెనీ ఏం చేసింది? టాస్కోసా యజమానులు చేసినదే. వారానికి 75 డాలర్ల జీతంమీద ఉన్న మరో పాటగాణ్ణి ఆ పాత్రలో పెట్టింది. అతనే రాయ్ రోజర్స్. ఆ చిత్రమే మిత్రులు మెచ్చుకొనే ‘అండర్ వెస్టర్న్ స్టార్స్’. గుర్రాల సంగతి సరేసరి. పరుగెత్తే గుర్రం ముందుకాళ్ళకు తీగె కట్టి పడగొట్టే ‘రన్నింగ్ డబ్ల్యు’ పద్ధతిలో కాళ్ళు విరిగి చచ్చిన గుర్రాలు ఎన్నో.

ఇప్పుడు మొదటి అభిప్రాయానికి వస్తాను: ఇదంతా పిల్లల వినోదం కదా, ఇంత బరువు దేనికి? పిల్లలది గనకనే. ప్రతి శనివారం మధ్యాహ్నం ఒకే పాఠం వల్లించినవాడికి పెద్దయ్యాక పాఠం గుర్తుండదు, అలవాటు మిగులుతుంది. ఇబ్బందులన్నీ ఎవరో చెడ్డమనిషి పన్నిన కుట్ర అనీ, తుపాకీ ఉన్న మంచిమనిషి వచ్చి తీరుస్తాడనీ అలవాటు. 1949లో రిపబ్లిక్ కంపెనీయే ‘ది రెడ్ మెనేస్’ అనే కమ్యూనిస్టు వ్యతిరేక చిత్రం తీసింది. పెద్దగా కష్టపడవలసిన పని లేకపోయింది. ముఠా అదే, కుట్ర అదే. దుర్మార్గుడి పేరు మార్చారు, అంతే. అదే సంవత్సరం, ఈ చౌక చిత్రాలలోనే పెరిగిన జాన్ వేన్, హాలీవుడ్‌లో ఎర్రవాళ్ళను ఏరివేయాలన్న సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

వెస్టర్న్ చిత్రాల జాతే చెడ్డదని నేననడం లేదు. 1952లో వచ్చిన ‘హై నూన్’ చూడండి. అక్కడ మార్షల్‌కు ఊళ్ళో పెద్దమనుషులెవ్వరూ తోడురారు. భయమూ, లాభనష్టాల లెక్కా వాళ్ళను ఇంట్లో కూర్చోబెడతాయి. హంతకులు చచ్చినా ఊరు బాగుపడదు. మార్షల్ తన బిళ్ళను దుమ్ములో పారేసి వెళ్ళిపోతాడు. దుర్మార్గుడు పోయాక ఏం మిగిలిందన్న ప్రశ్నను ఆ చిత్రం వేసింది. అది రాసిన కార్ల్ ఫోర్‌మన్ విచారణ సంఘం ముందు స్నేహితుల పేర్లు చెప్పడానికి నిరాకరించి, పనులు పోగొట్టుకొని, ఇంగ్లండుకు వలసపోయాడు. అతన్ని దేశం దాటించడంలో సాయపడినందుకు తనకు విచారమేమీ లేదని వేన్ 1971లో ఒక పత్రికకు చెప్పాడు. ఏ కథ ఆస్తిపరులకు గిట్టుతుందో, ఏది గిట్టదో వాళ్ళకు మనకన్న బాగా తెలుసు.

అదే 1971లో తెలుగులో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. దానికి రచన చేసినది మన ఆరుద్ర. అది ఇటలీ వెస్టర్న్ చిత్రాల దారిలో నడిచినది గనక దాని మంచిచెడ్డలు వేరే చర్చించవలసినవి. కౌబాయ్ టోపీ మన ఊళ్ళకూ వచ్చిందని గుర్తుచెయ్యడానికే దాని పేరెత్తాను. టోపీ రావడంవల్ల నష్టం లేదు. తెల్లటోపీ న్యాయం మన విమర్శలో తిష్ఠవెయ్యడంవల్ల నష్టం ఉన్నది.

మనం చేస్తున్నదేమిటి? కథలో భూస్వామి దుర్మార్గుడైతే చాలు, దానిమీద అభ్యుదయ ముద్ర వేస్తున్నాం. భూస్వామి లంపటుడు, తాగుబోతు, హంతకుడు. కనుక భూస్వామ్యం చెడ్డది! మరి ఏకపత్నీవ్రతుడూ, మద్యం ముట్టనివాడూ అయిన భూస్వామి కౌలు వసూలు చేస్తే? ఆ ప్రశ్న వచ్చేసరికి కథకుడికీ నోరు పెగలదు, విమర్శకుడికీ పెగలదు. నా తరగతిలో విద్యార్థులు ‘ప్రతినాయకుడు దోపిడీవర్గానికి చెందినవాడు గనక ఇది ప్రగతిశీల రచన’ అని జవాబు రాస్తే వాళ్ళ తప్పు లేదు. వాళ్ళు చదివే వ్యాసాలు మనవి.

దుర్మార్గుడు ఏ వర్గంవాడని అడగడం మానమని నేననను. అక్కడితో ఆగవద్దంటున్నాను. వాణ్ణి ఎవరు ఓడించారు, ఏ హక్కుతో ఓడించారు, జనం ఆ పనిలో పాల్గొన్నారా లేక గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారా, ఆఖరు పేజీలో తాకట్టు పత్రం ఎవరి దగ్గర ఉన్నది? ఈ ప్రశ్నలను ఆ చౌకరకం కౌబాయ్ చిత్రాలకూ వేద్దాం, మన సంఘం మెచ్చుకొని అచ్చువేసిన కథలకూ వేద్దాం. వాటిలో ఎన్ని నిలబడతాయో లెక్కపెట్టడానికి మనకు ధైర్యం ఉండాలి.