ఎవరి జీవితకాలం?

ఎడ్లబండిని నమ్ముకొని బతికిన రైతుకు కందెన సంగతి మరొకరు చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. ఆముదంలో గడ్డిమసి కలిపి ఇరుసుకు పట్టించేవాడు. ఇరుసు కిర్రుమంటే కందెన తరిగిందని చెవికే తెలిసేది. ఆటోమేటిక్ కారులో ఆ సౌలభ్యం లేదు. గేర్ బాక్స్‌లోని నూనె చెడిపోతున్నా చాలాకాలం వరకు బండి మౌనంగానే నడుస్తుంది.

1939లో జనరల్ మోటార్స్ సంస్థ 'హైడ్రామాటిక్' పేరుతో 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లకు ఆటోమేటిక్ గేర్ బాక్స్‌ను అమర్చింది. ఇటువంటి యంత్రంలో నూనె కేవలం కందెన కాదు. ఇంజను శక్తిని చక్రాల వైపు చేరవేసేది అదే. పీడనంతో క్లచ్ పలకలను బిగించి గేరు మార్చేది అదే. పుట్టిన వేడిని మోసుకుపోయేదీ అదే. ఇన్ని పనులు చేసే ద్రవం ఎన్నటికీ అలసిపోదనుకోవడం భ్రమ. వేడికి అది ఆక్సీకరణం చెందుతుంది. అందులో కలిపిన రసాయనాలు క్షీణిస్తాయి. పలకల నుంచి రాలిన పొడి అందులోనే తిరుగుతుంది. సాధారణంగా ఎర్రగా ఉండే నూనె గోధుమరంగుకు, ఆపై నలుపుకు తిరిగి మాడువాసన వేస్తుంది.

అయినప్పటికీ కొన్ని కంపెనీలు దీనిని 'జీవితకాలపు నూనె' అన్నాయి, మార్చనవసరం లేదన్నాయి. ఎవరి జీవితకాలం? వారంటీ ముగిసిన తరువాత కారు భారం యజమానిదే. అప్పుచేసి కొన్న కారును పదిహేనేళ్లు వాడుకోదలచిన కుటుంబానికి ఆ మాట ఏ రక్షణా ఇవ్వదు. గేర్ బాక్స్‌లు తయారుచేసే జర్మనీ సంస్థ జడ్.ఎఫ్. మాత్రం నడిపే తీరునుబట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు నూనె మార్చాలని సూచించింది. యంత్రాన్ని చేసినవారి మాటకంటే దానిని కారులో పెట్టి అమ్మినవారి మాట ఎక్కువ కాదు కదా!

పాత నూనెను కదిలిస్తే గేర్ బాక్స్ పాడవుతుందని కొందరు మెకానిక్‌లు వారిస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అరిగి జారిపోతున్న క్లచ్ పలకలను కొత్త నూనె బాగుచేయలేదు. అయితే ఆ దోషం నూనె మార్చడంలో లేదు, అంతకాలం మార్చకపోవడంలో ఉంది.

మన దేశంలో 2014 నుంచి చౌక కార్లలోకి వచ్చిన ఏ.ఎం.టి.కి ఈ లెక్క వర్తించదు. అది మామూలు గేర్ బాక్స్‌యే. క్లచ్చునూ గేరునూ మనిషికి బదులు యంత్రం కదుపుతుంది. దాని నూనె వేరు. సి.వి.టి. నూనె మరొకటి. ఒకదానిది మరొకదానిలో పోస్తే మొదటికే మోసం. ఏది పోయాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కఠిన పరిస్థితుల్లో నడిచే బండికి తక్కువ గడువు చూపే పట్టిక కూడా చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. మే నెల ఎండలో హైదరాబాదు కూడళ్ల వద్ద ఆగి ఆగి కదిలే కారు చూసుకోవలసింది ఆ పట్టికనే.