చేపల కూరకి మేకప్ వేసే పాకం!

కథ జరిగేది 1951 నాటి సైగాన్‌లో. వీధి, ఇల్లు, వంటిల్లు, పెరట్లో బొప్పాయి చెట్టు... అచ్చం సైగానే! కానీ షూటింగ్ జరిగింది ఫ్రాన్స్‌లో, ప్యారిస్ దగ్గరున్న ఓ స్టూడియోలో, సెట్లు వేసి! ఆ చిత్రం 'ది సెంట్ ఆఫ్ గ్రీన్ పపాయా'. 1993లో కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్రాలకిచ్చే 'కెమెరా దోర్' బహుమతి కొట్టేసింది. దర్శకుడు త్రాన్ ఆన్ హుంగ్ వియత్నాంలో పుట్టి, చిన్నతనంలోనే ఫ్రాన్స్ చేరినవాడు. 2023లో 'ది టేస్ట్ ఆఫ్ థింగ్స్' అనే వంటల చిత్రంతో అదే కాన్‌లో ఉత్తమ దర్శకుడనిపించుకున్నాడు.

ఆ తొలి చిత్రంలో వంటింటి సీన్లు చూసినప్పట్నుంచీ వియత్నాం వంటలంటే నాకు గురి. అందుకే ఈ వారం అక్కడి వంటిళ్లలోని ఓ క్యారెక్టర్ యాక్టర్‌ని పరిచయం చేస్తున్నాను. పోస్టరు మీద పేరుండదు గానీ, ఆయన లేకపోతే సీను పండదు. పేరు 'నుఓక్ మావ్'. అంటే రంగునీళ్లు.

"ఓస్, చక్కెర పాకమేగా! మా అమ్మమ్మ అరిసెలకి పట్టేదే" అంటున్నారా? అక్కడే ఉంది కిటుకు. మన పాకానికి పరీక్ష వేలితో. తీగ సాగిందా, నీళ్లలో వేస్తే ఉండ కట్టిందా అని చూస్తాం. దీనికి పరీక్ష కంటితోనే. వేలు పెట్టారో, తోలు ఊడుతుంది! మనం తీపి కోసం పాకం పడితే, వాళ్లు చేదు కోసం పడతారు.

అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకోండి. నల్ల మూకుడు వద్దు, రంగు తెలీదు. కప్పు చక్కెర, పావు కప్పు నీళ్లు పోసి మధ్యస్థం మంట మీద పెట్టండి. కరిగాక గరిటె పెట్టకండి, మళ్లీ పలుకు కడుతుంది. గిన్నెనే పట్టుకుని మెల్లగా తిప్పండి. కాసేపటికి తేనె రంగు, ఆ తర్వాత టీ డికాక్షన్ రంగు వస్తాయి. చాలామంది ఇక్కడే భయపడి దించేస్తారు. దించితే అది పాయసంలోకి పనికొస్తుంది గానీ చేపల్లోకి కాదు. ఇంకా కాగనివ్వండి. కాగేకొద్దీ తీపి తగ్గుతుంది, వాసన, చేదు పెరుగుతాయి. ఎర్రబారి, బ్లాక్ కాఫీ రంగుకొచ్చి, సన్నగా పొగ లేచిందా... అదే క్లైమాక్స్! వెంటనే దించండి. అర నిమిషం ఆలస్యమైతే మిగిలేది బొగ్గే.

ఇప్పుడు అరకప్పు వేడినీళ్లు కొంచెం కొంచెంగా, దూరంగా నిలబడి పొయ్యండి. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర, చక్కెర రంగు తిరిగేదే 160 దాటాక. అందుకే నీళ్లు పడగానే బుస్సుమని ఎగజిమ్ముతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పక్కన పిల్లలుంటే ముందే బయటికి పంపండి. గడ్డ కడితే సన్నసెగ మీద కరిగించి, చల్లారాక సీసాలో పోసుకోండి. నెలల తరబడి నిలవుంటుంది.

మనకి చేపల పులుసులో చింతపండు ఎలాగో, వాళ్ల 'కా ఖో తో'కి ఇది అలాగ. అరకిలో చేపముక్కలు మట్టి చట్టిలో పేర్చి, ఈ పాకం రెండు చెంచాలు, ఫిష్ సాస్ మూడు చెంచాలు, ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయ, దండిగా మిరియాలు వేసి, ముక్క మునిగీ మునగకుండా నీళ్లు పోసి, సన్నసెగన అరగంట పైగా ఉడికిస్తారు. ఫిష్ సాస్‌లో ఉప్పెక్కువ, కాబట్టి మళ్లీ ఉప్పు వెయ్యొద్దు. రసం చిక్కబడి, ముక్క నిగనిగలాడాలి. వేడన్నంలో కలుపుకుంటే తీపీ, ఉప్పూ, చేదూ, కారం ఒకేసారి నాలుక మీద డైలాగు చెబుతాయి.

యుద్ధం ముగిసిన 1975 తర్వాత లక్షలమంది వియత్నాం వదిలారు. అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా ఎక్కడ తేలినా, పెరట్లో బొప్పాయి చెట్టు దొరక్కపోవచ్చు గానీ చక్కెర, నీళ్లు దొరక్కపోవు కదా! దర్శకుడు ఊరినే సెట్ వేసుకున్నాడు. సెట్ వేసే స్తోమత లేనివాళ్లకి ఈ నల్లటి సీసా చాలు. అన్నట్టు వాళ్ల భాషలో 'నుఓక్' అంటే నీళ్లే కాదు, దేశం అని కూడా అర్థముంది.

సరే, పొయ్యి మీద గిన్నె పెట్టాక మాత్రం ఫోను చూడకండేం! వచ్చేవారం కలుద్దాం.