పట్టేసిన రెక్క

యుద్ధకాలపు విల్లీస్ జీపులో, పొగ బయటికి పోయే మానిఫోల్డు లోపల ఒక చిన్న రెక్క ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు వేడిపొగను పెట్రోలుమిశ్రమపు దారివైపు మళ్ళించి, వేడెక్కగానే తప్పుకొనడం దాని ధర్మం. మసిపట్టి తప్పుకోకుండా బిగిస్తే మిశ్రమం అతిగా కాగి బండి బలం తగ్గుతుంది.

"ఒంగోలు ఎండలకు ఇదెందుకు, కోసేద్దాం" అనే వాదం నాకు సమ్మతం కాదు. వైశాఖంలో దానితో పని లేదు, నిజమే. పుష్యమాసపు తెల్లవారుజామున ఉంది! ఇంజను పూర్తిగా చల్లారాక ఇరుసు కొసలకు తుప్పు వదిలించే నూనె పట్టించి, నాననిచ్చి, చిన్న సుత్తితో అటూ ఇటూ మెల్లగా తట్టవలెను. మామూలు ఇంజనాయిలు వద్దు. అది కాలి మళ్ళీ మసే అవుతుంది. చేత్తో తిప్పి వదిలితే స్ప్రింగు వెనక్కి లాగాలి.

దీన్ని తాపకవాటమనవచ్చును. కాని 'పట్టేసింది' అనే మెకానిక్కు మాటకు సాటివచ్చే సంస్కృతపదం నాకింకా దొరకలేదు.