చదువరి ఉంటేనే వ్రాత

మా పొరుగింటి బాలుడు ఎనిమిదవ తరగతి విద్యార్థి. ఒకనాటి సాయంత్రం "నా నగరం" అనే వ్యాసం తెచ్చి చూపించాడు. ఢిల్లీ మన రాజధాని, ఇక్కడ ఎర్రకోట ఉన్నది, కుతుబ్ మీనారు ఉన్నది: వాక్యాలన్నీ నిర్దుష్టంగానే ఉన్నాయి. అతడు నివసించే వీధి మాత్రం అందులో ఎక్కడా లేదు. "దీనిని ఎవరు చదువుతారు?" అని అడిగాను. "టీచరు. మార్కులు వేసి తిరిగి ఇచ్చేస్తారు" అన్నాడు.

అనువాదం నా వృత్తి. ఎదుట ఒక చదువరి ఉన్నాడని భావించకుండా ఒక్క వాక్యమైనా తెనిగించలేను. పిల్లలను మాత్రం ఆ చదువరి లేకుండానే వ్రాయమంటున్నాము.

ఈ లోపాన్ని గుర్తించిన వారిలో ఫ్రెంచి ఉపాధ్యాయుడు సెలెస్టిన్ ఫ్రెనే ఒకరు. 1924లో ఆయన తన పల్లె బడికి ఒక చిన్న ముద్రణ యంత్రాన్ని తెచ్చారు. పిల్లలు తమ అనుభవాలను తామే అచ్చువేసి, దూరాన ఉన్న మరొక బడి పిల్లలకు పంపేవారు. అవతల చదివేవారున్నప్పుడు స్పష్టంగా ఎందుకు వ్రాయాలో వేరుగా బోధించనక్కరలేదు కదా!

ఇందుకు దగ్గరి ప్రయత్నం ఢిల్లీలోనూ జరిగింది. 2001లో అంకుర్ అనే విద్యాసంస్థ, సరాయ్ అనే పరిశోధన విభాగం కలిసి "సైబర్‌మొహల్లా"ను ప్రారంభించాయి. ఎల్.ఎన్.జె.పి. బస్తీలోను, దక్షిణపురిలోను, యమున ఒడ్డున ఉన్న నంగ్లా మాంచీలోను చిన్న గదులలో కంప్యూటర్లు అమర్చారు. ఇవి పాఠశాలలు కావు. వచ్చిన యువతీయువకులలో పలువురు చదువు మధ్యలో మానినవారే. వారు తాము చూచినవి, విన్నవి వ్రాసుకొని ఒకరికొకరు చదివి వినిపించుకొనేవారు, గోడపత్రికలు వెలువరించేవారు.

2006లో నంగ్లా మాంచీని కూల్చివేశారు. ఆ దినాలలో తమ కళ్ళముందు జరుగుతున్నదానిని ఆ యువకులు వ్రాసి బ్లాగులో ఉంచారు. మరుసటి సంవత్సరం "బహురూపియా శహర్" అనే హిందీ గ్రంథం వెలువడింది. 2010లో శ్వేతా సర్దా ఆంగ్లానువాదం "ట్రిక్‌స్టర్ సిటీ"గా వచ్చింది. ఆ వ్రాతలు పోయిన ఇళ్ళను తిరిగి ఇవ్వలేదు. కాని ఆ బస్తీలో ఎవరెలా బ్రతికారో అక్కడివారి మాటలలోనే లోకానికి తెలిసింది.

మన బడులలో ఇది అసాధ్యమేమీ కాదు. బ్లాగు లేకపోతే గోడపత్రిక చాలు; మరొక ఊరి బడితో ఉత్తరాలు నడిపినా చాలు. ఉపాధ్యాయుడు ఎర్రసిరా పట్టేముందు చదువరిగా ఒక ప్రశ్న అడగాలి. బ్లాగులో పెట్టదలిస్తే పిల్లల పూర్తి పేర్లు, చిరునామాలు బయటపెట్టరాదు; తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం, వ్రాసినదానికి ఎవరో ఒకరు బదులు చెప్పాలి. బదులు రాని పుట పరీక్ష కాగితంతో సమానమే.

ఆ బాలునితో, "మీ వీధిని గురించి విజయవాడలోని మీ అమ్మమ్మకు వ్రాయి, ఆమె ఎన్నడూ ఢిల్లీ చూడలేదు కదా" అన్నాను. రెండు రోజులకు ఉత్తరం తెచ్చాడు. అందులో ఎర్రకోట లేదు. వేపచెట్టు కింద బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన ఉన్నాడు. రెండుచోట్ల అక్షరదోషాలున్నాయి. నేను దిద్దేలోపే, "అమ్మమ్మకు అర్థమవుతుందా?" అని అడిగి, తానే దిద్దుకున్నాడు.