ఇంజిను మారింది, చోదకుని అలసట తీరలేదు

విల్లుపురం–పుదుచ్చేరి రైలుమార్గంలో విల్లియనూరు ఒక చిన్న స్టేషను. 1879లో ప్రారంభమైన ఈ మార్గం పాండిచ్చేరి రైల్వే కంపెనీది. యానాం వలెనే ఆనాడు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఈ గడ్డపై రైళ్లను నడిపినది మాత్రం సౌత్ ఇండియన్ రైల్వే. పాలకులు ఎవరైనా పొగబండి చోదకుని పాట్లు ఒక్కటే.

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఇంజిను డ్రైవరు పని రైలు కదలడానికి కొన్ని గంటల ముందే మొదలయ్యేది. ఎదుట కొలిమి వేడి, పక్కనుంచి ఎండా వానా. ఫైర్‌మన్ బొగ్గు వేస్తుంటే డ్రైవరు ఒక కన్ను సిగ్నలు మీద, మరొక కన్ను బాయిలరు నీటిమట్టం మీద ఉంచాలి. నీరు తగ్గితే బాయిలరు పేలే ప్రమాదం. మెయిలు బండ్లు ఎక్కువగా ఐరోపావారికీ, ఆంగ్లో-ఇండియన్లకూ దక్కేవి. ఇంజిన్లు తుడిచే పనిలో చేరిన భారతీయుడు డ్రైవరు కావడానికి ఏళ్లు పట్టేది.

1919 నాటి వాషింగ్టన్ ఒడంబడిక భారతదేశానికి వారానికి 60 గంటల పరిమితి విధించింది. దానిని అమలుపరచడానికి 1930లో రైల్వే చట్టాన్ని సవరించినా, ఆ నిబంధనలు రైలు నడిపే సిబ్బందికి వర్తించలేదు. 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మెకు దిగిన తరువాతనే 10 గంటల డ్యూటీకి ప్రభుత్వం అంగీకరించింది.

నేడు ఆ మార్గంలో బ్రాడ్ గేజి, విద్యుత్ ఇంజిన్లు వచ్చాయి. బొగ్గు వేసే చేతుల శ్రమ పోయింది. నిద్రలేని కన్నుల శ్రమ మిగిలింది. వేగం పెరిగిన కొద్దీ క్షణకాలపు ఏమరుపాటుకు చెల్లించవలసిన మూల్యమూ పెరిగింది. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద జరిగిన ప్రమాదంలో ప్రాథమిక విచారణ చోదక సిబ్బందినే బాధ్యులుగా చూపింది. వారు కూడా ఆ ప్రమాదంలోనే మరణించారు. తప్పు ఎవరిదని అడగడం అవసరమే. అంతకుముందు డ్యూటీ వేళలు, విశ్రాంతి, వరుస రాత్రి విధుల లెక్క అడగడం మరింత అవసరం.

కవచ్ వంటి రక్షణ వ్యవస్థలకు నిధులు కేటాయించడం హర్షణీయమే. అయితే యంత్రం మనిషికి తోడు కాగలదే గాని, అతని విశ్రాంతికి బదులు కాజాలదు. ఖాళీ పోస్టుల భర్తీని, తగిన విశ్రాంతిని రైల్వే శాఖ ఖర్చుగా కాక ప్రయాణికుల భద్రతగా పరిగణించాలి.